పల్లెకు బొమ్మ చేరిన దారి

రేడియో ముందు కూర్చున్న శ్రోతకు ఒక సందేహము కలుగవచ్చును. హైదరాబాదులో పలికిన మాట మీడియం వేవు మీద సిరిసిల్ల ప్రాంతమున స్పష్టముగా వినవచ్చుచుండగా, అదే నగరమున 1977లో ప్రారంభమైన టెలివిజన్ కేంద్రపు బొమ్మ వీర్నపల్లికి ఏల చేరలేదు?

మీడియం వేవు తరంగము నేలను పట్టుకొని, భూమి వంపు వెంట సాగిపోవును. బొమ్మను మోసెడి తరంగము అట్లు కాదు. మన చూపువలె దాదాపు తిన్నగా పోవును. నూరు మీటర్ల స్తంభముపై నిలిచినవానికి చూపు ఆనెడి దూరము సుమారు 36 కిలోమీటర్లు. గాలి ఆ తరంగమును కొంత వంచును, ఇంటికప్పు మీది ఏరియల్ మరికొంత కలుపును, అంతే. వీర్నపల్లి నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున, గుట్టల నడుమ ఉన్నది. పోనీ, స్తంభమును పెంచుదమా? ఎత్తు నాలుగింతలు చేసినను దూరము రెండింతలే అగును. ప్రసార వృత్తిలోనివారికి ఇంతకన్న విసుగు పుట్టించు లెక్క మరియొకటి లేదు.

అందుచేత స్తంభమును ఆకాశమునకే ఎత్తినారు. భూమధ్యరేఖకు పైన సుమారు 35,800 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన అమెరికా వారి ఉపగ్రహము ద్వారా, 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు అందినవి. అందులో నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామములును గలవు. గ్రామమునకు ఒక్క టెలివిజన్ పెట్టె. దానికి మూడు మీటర్ల వెడల్పు గల ఇనుప వలతో చేసిన పళ్లెము. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు. సాయంకాలపు కార్యక్రమమున తెలుగువారికి, కన్నడిగులకు బొమ్మ ఒక్కటే, ధ్వనులు రెండు. పాత్రల పెదవులు ఏ భాషకు సరిపోయినవో చూచినవారే చెప్పవలెను.

ఏడాది ముగియగానే ఉపగ్రహము మనకు దక్కకుండ పోయినది. ఆ కొరత తీర్చుటకు నేలమీద నెలకొల్పిన కేంద్రములలో హైదరాబాదు ఒకటి. 1977 అక్టోబరు 23న రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డిగారు దానిని ప్రారంభించినారు. కాని నేలమీది స్తంభమునకు మరల ఆ పాత లెక్కయే. ఏడాదిపాటు బొమ్మ చూచిన ఊళ్లు పెక్కు దాని పరిధికి వెలుపల మిగిలిపోయినవి.

1983లో ఇన్సాట్-1బి పైకి పోయిన పిదప, చిన్న పట్టణములలో తక్కువ శక్తిగల ట్రాన్స్‌మిటర్లు వరుసగా వెలసినవి. అవి ఉపగ్రహమునుండి దిగినదానిని అందుకొని చుట్టుపట్ల పంచెడివి. దిగినది ఢిల్లీ కార్యక్రమము! బొమ్మ వచ్చినది, భాష రాలేదు. హైదరాబాదు తెలుగు కార్యక్రమము మారుమూలలకు పోవుటకు వేరొక దారి కావలసి వచ్చినది. అది మెల్లగా ఏర్పడినది. 2014 తరువాత తెలంగాణకు యాదగిరి ఛానలు ప్రత్యేకముగా నడుచుచున్నది. 2004లో మొదలైన ఉచిత డిష్ సేవకు నెలవారీ రుసుము లేదు; వీర్నపల్లి ఇంటికప్పుపై చిన్న పళ్లెమును ఆగ్నేయమునకు త్రిప్పిన చాలును.

దూరము తీరినది. కాని పరిధి పెరిగిన కొలది మాట పలుచనగుట నేను చూచుచున్న సంగతి. గుజరాతులో ఖేడా జిల్లా కొరకు పీజ్ గ్రామమున 1975లో ఒక చిన్న ట్రాన్స్‌మిటరు పెట్టినారు. దాని పరిధి స్వల్పము. ఆ స్వల్పతయే మేలైనది: కార్యక్రమములు ఆ పల్లెలలోనే, ఆ ప్రాంతపు యాసలోనే తయారైనవి, కూలి, కులభేదము, పాడి వంటి విషయములు గ్రామస్థులే పాత్రలై చెప్పినారు. 1984లో ఆ ప్రయత్నమునకు యునెస్కో బహుమానము లభించినది.

మన వైపు చూడుడు. కోరుట్ల రైతుకు పసుపు ధర కావలెను, సిరిసిల్ల నేతగానికి నూలు ధర. జగిత్యాలలో గల్ఫునకు పోయినవారి ఇంట వీసా, ఏజెంటు మాటలు. తండాలలో ఇంటిభాష లంబాడీ. ఉపగ్రహమునుండి వీరందరికిని ఒక్క అరగంటయే దిగుచున్నది. అందులో ఎవరికి ఎన్ని నిమిషములు, ఏ యాసలో అన్నది కార్యక్రమము కూర్చువారు వారము వారము తేల్చుకొనవలసిన పని.