చుట్ట, వంశము, నోటి క్యాన్సరు

శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల సముద్రతీర గ్రామములలో, నిప్పున్న కొన నోటిలోపల నుండునట్లు చుట్ట కాల్చు ఆచారము చిరకాలముగా గలదు. స్త్రీలలో ఇది యెక్కువ. దీనినే అడ్డపొగ యందురు. ఆ ప్రాంతములనుండియే బెంగాల్ నాగపూర్ రైలుమార్గము వెంబడి ఎన్నో తెలుగు కుటుంబములు ఖరగ్‌పూరు చేరి, రైల్వే వర్క్‌షాపులో కుదురుకొని స్థిరపడినవి. నాటి అవ్వ చుట్ట కాల్చినచో, నేడు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో పనికి పోవు మనుమడు ఖైనీ నలిపి క్రిందిపెదవి సందున నుంచుకొనును.

ఇట్టి యిండ్లలో రెండు మాటలు తరచుగా వినవచ్చును. "మా తాత ఎనుబదియేండ్లు వచ్చువరకు చుట్ట కాల్చెను, ఏమియు కాలేదు; ఆ జబ్బు మా వంశమున లేదు" అనునది మొదటిది. నోటి క్యాన్సరుతో తండ్రిని పోగొట్టుకొన్నవారు "ఇది మా రక్తములోనే యున్నది, మానిన నేమి, మానకున్న నేమి" అని నిట్టూర్తురు. ఇందులో వంశమునకు పాలు కొంత గలదు. అది ఎంతయో తెలిసికొనవలెను.

పొగాకులోని విషములు శరీరములో ప్రవేశించిన పిమ్మట ఉన్నవి ఉన్నట్లుండవు. కొన్ని ఎంజైములు వానిని మార్చి మరింత తీవ్రమైనవిగా చేయును. మరికొన్ని వానిని వేరొక పదార్థముతో జోడించి, నీటిలో కరగి వెలువడునట్లు చేయును. ఈ ఎంజైములు ఎంత చురుకుగా పనిచేయునో నిర్ణయించునవి తల్లిదండ్రులనుండి సంక్రమించు జన్యువులు. విషమును వెడలగొట్టు తరగతికి చెందిన జి.ఎస్.టి.ఎం.1 అను జన్యువు కొందరిలో పుట్టుకతోనే పూర్తిగా లోపించును. ఐరోపీయులలో సుమారు సగముమందికి అది లేదు. మన దేశమున లేనివారు అంతకంటె తక్కువ. ఆ జన్యువు లేనివారు పొగాకు వాడినచో నోటి క్యాన్సరు వచ్చు అవకాశము కొంత హెచ్చునని పెక్కు పరిశోధనలలో తేలినది. అయితే ఆ హెచ్చు స్వల్పము. ఫాంకోని రక్తహీనత వంటి మిక్కిలి అరుదైన వంశపారంపర్య వ్యాధులలో, పొగాకు ముట్టనివారికి సైతము చిన్న వయసుననే ఈ క్యాన్సరు వచ్చుట గలదు.

అలవాటు బలము ఎట్టిదో శ్రీకాకుళము జిల్లాయే చూపినది. బొంబాయి టాటా పరిశోధన సంస్థకు చెందిన ఫలి మెహతా, డెన్మార్కు దేశీయుడగు పిండ్‌బోర్గు మున్నగువారు అచ్చట 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితములు ప్రకటించిరి. ఇతర ప్రాంతములలో అరుదుగా కనబడు అంగిలి వ్యాధులు అడ్డపొగ త్రాగువారిలో మెండుగా నుండెను. నిప్పు ఎచ్చట తగులునో పుండు అచ్చటనే. తాంబూలముతో పొగాకు నమలువారికి బుగ్గలోపల వచ్చును. వ్యాధి చోటును చూపునది వంశవృక్షము కాదు. ఒకే యింట ఇద్దరికి వచ్చినచో, ఆ యింట రక్తముతోపాటు పొగాకు సంచియు ఒక్కటియే యని మరువరాదు.

మరియొక భ్రమ తొలగవలెను. క్యాన్సరు కణములలో జన్యువులు చెడునను మాట నిజమే. పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణియందలి జాతీయ జీవవైద్య జన్యుశాస్త్ర సంస్థ పాల్గొన్న భారతీయ పరిశోధకబృందము 2013లో అట్టి మార్పులను వివరించినది. కాని వానిలో అత్యధికము రోగి నోటిలోనే జీవితకాలమున ఏర్పడినవి. అవి బిడ్డలకు సంక్రమించవు.

ఎవరికి వచ్చును, ఎవరికి రాదు అని ముందుగా తేల్చు రక్తపరీక్ష నేటికిని లేదు. కన్నులతో చూచుటయే నమ్మదగిన పరీక్ష. తిరువనంతపురము జిల్లాలో శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింట నోళ్లు పరీక్షింపగా, పొగాకు లేదా మద్యము వాడువారిలో ఈ వ్యాధివలని మరణములు సుమారు మూడవవంతు తగ్గినట్లు 2005లో వెల్లడియైనది. కావున తండ్రికో, మేనమామకో ఈ వ్యాధి వచ్చిన యింటివారు 30 ఏండ్లు నిండినది మొదలు నోరు చూపించుకొనవలెను. తెల్లని లేదా ఎఱ్ఱని మచ్చ, రెండు వారములకు మానని పుండు, నోరు పూర్తిగా తెరువలేకపోవుట కనబడినచో, నొప్పి లేదని ఊరకుండక ఆసుపత్రికి పోవలెను. పొగాకు మానినవారిలో తెల్లమచ్చలు పెక్కు సందర్భములలో తగ్గుట లేదా మాయమగుట కనబడినది. మచ్చ తగ్గినను వైద్యునికి మరల చూపవలసినదే.