అడ్డపొగ: అంగిలి నుంచి గుండె దాకా అపోహలు, వాస్తవాలు

చుట్టను నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని తాగడాన్ని ఉత్తరాంధ్రలో అడ్డపొగ అంటారు. అరకు, పాడేరు కొండల్లోనూ, శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లోనూ ఇది తరాల నాటి అలవాటు. దేశంలో చాలాచోట్ల పొగతాగే ఆడవాళ్లు అరుదు. ఇక్కడ మాత్రం అడ్డపొగ వేసేవాళ్లలో ఆడవాళ్లదే పైచేయి.

ఈ అలవాటు చేసే కీడు గురించి ప్రపంచానికి తెలిసినదాంట్లో పెద్ద భాగం ఈ ప్రాంతం నుంచే వెళ్లింది. కోస్తా ఆంధ్రలో కనిపించే అంగిలి క్యాన్సర్‌కు నిప్పు లోపల పెట్టి తాగే చుట్టే కారణమని డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లోనే రాశారు. డెన్మార్క్ నోటి వ్యాధుల శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతా బృందంతో కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు పరీక్షించిన వివరాలు 1971లో వెలువడ్డాయి. అక్కడ నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ వేసేవాళ్లేనని తేలింది. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలకు చెందిన సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి 1974లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పత్రికలో అడ్డపొగకూ గట్టి అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని వివరించారు.

ఇంత పరిశోధన జరిగి అర్ధ శతాబ్దం దాటింది. అయినా కొండమీద ఇళ్లలో ఇప్పటికీ చెలామణీలో ఉన్నవి అపోహలే.

అపోహ 1: నిప్పు నోట్లో ఉంటే పొగ బయటికే పోతుంది, మామూలు చుట్ట కంటే ఇదే నయం.

వాస్తవం: బయటి కొస నుంచి గాలి లోపలికి వెళ్లి నిప్పును మండిస్తుంది. ఆ పొగ పుట్టేదే నోట్లో. కొంత బయటికి వదులుతారు, కొంత మింగుతారు, కొంత ఊపిరితో లోపలికి పోతుంది. పైగా వేడి. అడ్డపొగ వేసేటప్పుడు నోటిలోని గాలి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కగలదని కొలిచి చూసినవాళ్లు చెప్పారు. నాలుకను ఉమ్మి కొంత కాపాడుతుంది. నిప్పుకు ఎదురుగా ఉన్న అంగిలికి ఆ రక్షణ లేదు. అందుకే మిగతా ప్రపంచంలో అరుదుగా వచ్చే గట్టి అంగిలి క్యాన్సర్ విశాఖ వైద్యులకు తరచుగా ఎదురైంది.

అపోహ 2: చేలో పనిచేసే ఆడవాళ్లకు అడ్డపొగే వీలు. దానివల్ల నష్టమేమీ లేదు.

వాస్తవం: వీలన్నది నిజమే. గాలికీ వానకూ నిప్పు ఆరదు. చంకలో బిడ్డ మీద బూడిద రాలదు. రెండు చేతులూ పనిలో ఉన్నా పెదాలతోనే చుట్టను పట్టి ఉంచవచ్చు, మాట్లాడవచ్చు. తల్లిని చూసి కూతురు నేర్చుకోవడానికి ఈ కారణాలు చాలు. కానీ ఆ వీలులోనే చిక్కుంది. పెదాల తడికి చుట్ట నిదానంగా కాలుతుంది. ఒక్క చుట్టే చాలాసేపు వస్తుంది. అంతసేపూ అంగిలి నిప్పు సెగలోనే ఉంటుంది.

అపోహ 3: అడ్డపొగ చలికి వెచ్చదనం ఇస్తుంది, పంటినొప్పి తగ్గిస్తుంది.

వాస్తవం: మన్యంలో శీతాకాలం రాత్రులు ఎముకలు కొరికే మాట నిజం. అయితే పొగాకులోని నికోటిన్ చర్మంలోని రక్తనాళాలను కుదిస్తుంది. నోటికి వేడి తగిలినా, కాళ్లకూ చేతులకూ రక్తం తగ్గి అవి చల్లబడతాయి. పంటి సంగతీ అంతే. నొప్పి కాసేపు మరుగున పడుతుంది, చిగుళ్ల జబ్బు లోపల ముదురుతూనే ఉంటుంది. పొగాకు వాడేవాళ్లకు చిగుళ్లు దెబ్బతిని పళ్లు త్వరగా కదులుతాయి.

అపోహ 4: "అంగిట్లో తెల్లమచ్చే కదా, నొప్పి నేదు, ఏటవుద్ది?"

వాస్తవం: ప్రాణాలు తీస్తున్నది ఎక్కువగా ఈ నమ్మకమే. నోటి క్యాన్సర్ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి పుట్టి, మింగడం కష్టమై, మెడలో గడ్డ తగిలే సమయానికి జబ్బు చాలా దూరం వెళ్లి ఉంటుంది.

మామూలుగా చుట్ట, పైపు తాగేవాళ్ల అంగిలి కూడా తెల్లబారుతుంది, అందులో ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు వాచిన లాలాజల గ్రంథుల నోళ్లు. వాళ్లలో ఈ మార్పు క్యాన్సర్‌గా మారడం అరుదు. అడ్డపొగ వేసేవాళ్ల అంగిలి మీద మార్పులను అలా కొట్టిపారేయడానికి లేదు, వాటిలో కొన్ని క్యాన్సర్‌కు దారి తీస్తాయి. తెల్లమచ్చ మధ్యలో ఎర్రబడినా, గరుకుగా గడ్డకట్టినా, పుండు రెండు వారాల్లో మానకపోయినా డాక్టరుకు చూపించాలి.

అపోహ 5: అడ్డపొగ నోటి జబ్బే తెస్తుంది, గుండె జోలికి రాదు.

వాస్తవం: శ్రీకాకుళంలో మొదలైన పరిశోధన నోటి దగ్గరే ఆగిపోలేదు. అదే జిల్లాలో ఏళ్ల తరబడి గమనించిన వాళ్ల మరణాల లెక్కను ప్రకాశ్ గుప్తా, మెహతా బృందం 1984లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. పొగాకు ముట్టనివాళ్లతో పోలిస్తే అడ్డపొగ వేసేవాళ్లలో మరణాలు ఎక్కువని అందులో తేలింది.

పొగాకు గుండెను దెబ్బతీసే తీరు అన్నిచోట్లా ఒకటే. నికోటిన్ గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువుకు దక్కాల్సిన చోటును ఆక్రమిస్తుంది. రక్తనాళాల లోపలి పొర గాయపడి అక్కడ కొవ్వు పేరుకుంటుంది, రక్తం సులువుగా గడ్డకడుతుంది. ఆ గడ్డ గుండె రక్తనాళంలో అడ్డుపడితే గుండెపోటు, మెదడులో అడ్డుపడితే పక్షవాతం.

అపోహ 6: కొండ ఎక్కి దిగేవాళ్లకు బీపీ, గుండెజబ్బు రావు. అవి పట్నం జబ్బులు.

వాస్తవం: కష్టం చేయడం గుండెకు మేలే, కానీ అది పొగాకు కీడును కడిగేయదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాల గిరిజన ప్రాంతాల్లో సేకరించిన సమాచారాన్ని 2015లో ప్రచురించింది. పెద్దవాళ్లలో నూటికి పాతిక మందికి పైగా అధిక రక్తపోటు ఉంది. ఆడా మగా తేడా దాదాపు లేదు. వాళ్లలో అత్యధికులకు ఆ సంగతే తెలియదు. కొలిస్తే తప్ప బీపీ బయటపడదు.

అపోహ 7: రోజుకు ఒకటో రెండో తాగితే ఏమీ కాదు.

వాస్తవం: క్యాన్సర్ ముప్పు ఎంత తాగితే అంత పెరుగుతుంది. గుండె లెక్క వేరు, కొద్ది పొగకే అది పెద్ద మూల్యం చెల్లిస్తుంది. రోజుకు ఒక్క సిగరెట్ తాగినా, ఇరవై తాగేవాళ్లకు అదనంగా ఉండే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణ చెప్పింది. తగ్గించడం మానడానికి మెట్టు కావచ్చు, మానడంతో సమానం కాదు.

అపోహ 8: ముక్క కోస్తే క్యాన్సర్ పాకుతుంది, ఆస్పత్రికి వెళ్తే చావు దగ్గరపడుతుంది.

వాస్తవం: అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూడడమే బయాప్సీ. అది చేస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయానికి ఆధారం లేదు. అది చేయకపోతే ఏ చికిత్స చేయాలో తేలదు. ఆలస్యంగా వెళ్లినవాళ్లు చనిపోవడం చూసి జనం తప్పు ఆస్పత్రి మీద వేస్తారు. తొలిదశలో దొరికిన నోటి క్యాన్సర్‌ను శస్త్రచికిత్సతో నయం చేయవచ్చు. వైద్యానికి బొంబాయి దాకా పోనక్కరలేదు. విశాఖలో కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది.

అపోహ 9: ఇన్నేళ్లు తాగాక ఇప్పుడు మానితే లాభం లేదు, పైగా జబ్బు చేస్తుంది.

వాస్తవం: మానిన కొత్తలో చిరాకు, నిద్రలేమి, మలబద్ధకం ఉంటాయి. అవి నికోటిన్ అలవాటు వదిలేటప్పుడు వచ్చేవి, కొన్ని వారాల్లో తగ్గుతాయి. ఏడాది తిరిగేసరికి పొగవల్ల అదనంగా వచ్చే గుండెజబ్బు ముప్పు సగానికి పడిపోతుంది. నోటి క్యాన్సర్ ముప్పు కూడా ఏళ్లు గడిచేకొద్దీ దిగుతుంది.

దీనికి సాక్ష్యం మన దగ్గరే ఉంది. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడకందార్ల మీద జరిగిన ప్రయత్నం ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఏటా నోరు చూసి, మానమని ఓపికగా నచ్చజెబితే కొందరు మానేశారు, మరికొందరు తగ్గించారు. క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు కొత్తగా పుట్టడమూ తగ్గింది. ఆ పని చేయడానికి పెద్ద యంత్రాలేవీ వాడలేదు, పరీక్ష, మాట, మళ్లీ మళ్లీ వెళ్లడం తప్ప.

ఇక చేయాల్సింది

నలభై దాటిన అడ్డపొగ అలవాటు ఉన్నవాళ్లు ఏడాదికోసారైనా పీహెచ్‌సీలో నోరు చూపించుకుని, బీపీ కొలిపించుకోవాలి. ఇంట్లోనూ చూసుకోవచ్చు: నోరు కడిగి, తల వెనక్కి వాల్చి, నోరు బాగా తెరిస్తే ఫోన్ టార్చి వెలుగులో పక్కనున్న మనిషికి అంగిలి కనిపిస్తుంది. ఛాతీ బిగబట్టినట్టు నొప్పి వచ్చి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా, మూతి వంకరపోయి మాట తడబడినా ఆగకుండా 108కు ఫోన్ చేయాలి. పొగాకు మానడానికి సాయం కావాలంటే జాతీయ ఉచిత ఫోన్ నంబరు 1800-112-356.

ఆశా కార్యకర్త, ఏఎన్ఎం బీపీ చూసిన ప్రతిసారీ అంగిలి కూడా చూస్తే, ఒకే అలవాటు తెచ్చే రెండు జబ్బుల జాడ ఒకే పూటలో దొరుకుతుంది. ఇంటింటికీ వెళ్లి నోరు చూసే పద్ధతిని శ్రీకాకుళం పల్లెల్లో చేసి చూపించారు. ఘాటు రోడ్డు పైన ఉన్న గూడేలకూ అది అంతే అవసరం.