ముందు పేరు... తర్వాతే పోరు!

కత్తి దొరికింది. కవచం కుదిరింది. జుట్టు రంగు కూడా తేలిపోయింది. ఇక యుద్ధానికి బయల్దేరడమే అనుకుంటుండగా తెరమీద ఓ చిన్న గడి అడ్డుపడుతుంది. 'మీ పాత్ర పేరు?' అని అడుగుతుంది. రాక్షసులకు జంకని వీరులు కూడా ఆ ఒక్క ప్రశ్న దగ్గర తల గోక్కుంటారు!

విరాటుడి కొలువు గుర్తుందా? పన్నెండేళ్ల అరణ్యవాసం ముగించుకుని అజ్ఞాతవాసానికి బయల్దేరేముందు పాండవులు ఏం చేశారు? ఎవరు ఏ వేషం కట్టాలో, ఏ పేరు పెట్టుకోవాలో కూర్చుని మాట్లాడుకున్నారు. ధర్మరాజు కంకుభట్టయ్యాడు. గరిటె పట్టిన భీముడు వలలుడు. గాండీవాన్ని జమ్మిచెట్టెక్కించిన అర్జునుడు బృహన్నల. నకులుడు దామగ్రంథి, సహదేవుడు తంత్రీపాలుడు. ద్రౌపదేమో మాలిని అనే సైరంధ్రి. ఇవన్నీ లోకం కోసం. ఆపదొస్తే తమలో తాము పిలుచుకోవడానికి జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు అని మరో జత రహస్య నామాలు!

కంప్యూటర్ ముందు కూర్చుని ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ మొదలుపెట్టేవాళ్లు చేసేదీ ఇంచుమించు అదే. ఒకే సమయంలో వేలమంది తిరిగే ఊహాలోకం అది. అందులో అడుగుపెట్టాలంటే ఓ జాతి, ఓ వృత్తి, ఓ రూపం ఎంచుకోవాలి. మరుగుజ్జు వీరుడు కావచ్చు, మొనదేలిన చెవుల ఎల్ఫ్ కావచ్చు, గాయాలు మాన్పే పూజారిణి కావచ్చు. అవన్నీ మౌస్ నొక్కితే వచ్చేస్తాయి. పేరు మాత్రం ఎవరికి వారే తెచ్చుకోవాలి. తీరా తెచ్చుకున్నాక, 'క్షమించండి... ఈ పేరు ఇప్పటికే వేరొకరు తీసుకున్నారు' అంటే ఎలా ఉంటుంది?

అవతారం... మన మాటే!

ఈ పేర్ల కథ బొమ్మలకన్నా ముందే మొదలైంది. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు 'మడ్' అనే ఆట తయారుచేశారు. చాలామంది ఒకేసారి ఆడుకునే ఆటల్లో తొలితరం ఇది. ఇందులో బొమ్మల్లేవు. తెరమీద అక్షరాలే. ఎదుటివాడు పొడుగో పొట్టో, నలుపో తెలుపో కనిపించదు. కనిపించేదల్లా పేరే. అంటే పేరే ముఖం, పేరే వేషం!

1986లో లూకాస్ ఫిల్మ్ సంస్థవాళ్లు 'హాబిటాట్' అనే ఆన్‌లైన్ లోకాన్ని సిద్ధం చేశారు. అందులో ఆటగాడి బొమ్మకి వాళ్లు పెట్టిన పేరు 'అవతార్'. దేవుడు భూమ్మీదికి దిగొచ్చే రూపానికి మనం వాడే మాట, మనిషి కంప్యూటర్ లోకంలోకి వెళ్లే రూపానికి అతికినట్టు సరిపోయింది. అక్కణ్నుంచి ప్రపంచమంతా పాకింది.

అంతకుముందు, కంప్యూటర్‌తో పనిలేకుండా బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడుకునే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో వచ్చింది. దాని సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ ఇంట్లో పిల్లలూ ఆడేవారు. ఆయన కొడుకు ల్యూక్ పాత్ర పేరు 'మెల్ఫ్'. ఏదో ప్రాచీన భాషలో గొప్ప అర్థముందనుకునేరు... పాత్ర వివరాల కాగితం మీద మగ అని సూచించే 'ఎం' అక్షరం, పక్కనే జాతి 'ఎల్ఫ్'. రెండూ కలిపేస్తే మెల్ఫ్! మరో కొడుకు ఎర్నెస్ట్ తన పేరులోని అక్షరాల్నే అటూ ఇటూ మార్చి 'టెన్సర్' అయ్యాడు. వాళ్ల మిత్రుడు జిమ్ వార్డ్ తన పేరుని ఇంగ్లిష్‌లో వెనకనుంచి రాసేసరికి 'డ్రామిజ్' అనే మాంత్రికుడు పుట్టాడు. ఈ సరదా పేర్లన్నీ తర్వాత ఆ ఆట పుస్తకాల్లో మంత్రాల పేర్లుగా స్థిరపడిపోయాయి. పేరు తిరగేసే ఈ చిట్కా ఇప్పటికీ చాలామంది వాడతారు. ఒక్క వికటకవికి మాత్రం ఇది పనిచేయదు!

వెంకటేశ్వర్లుకి చోటు లేదు!

పేరు పెట్టుకోవడానికి ఊహ ఒక్కటే ఉంటే చాలదు. ఒక్కో ఆటకి ఒక్కో నిబంధన. 2004లో విడుదలైన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో పేరు రెండు అక్షరాలకు తగ్గకూడదు, పన్నెండు దాటకూడదు. మధ్యలో ఖాళీ ఉండకూడదు, అంకెలు పనికిరావు. ఈ లెక్కన మన సుబ్రహ్మణ్యం ఇంగ్లిష్‌లో సరిగ్గా 12 అక్షరాలతో గట్టెక్కేస్తాడు. వెంకటేశ్వర్లు, సీతారామయ్య మాత్రం 13 అక్షరాలతో గుమ్మం దగ్గరే ఆగిపోతారు. బృహన్నలకైతే ఇబ్బందే లేదు... పదే!

2005లో వచ్చిన 'గిల్డ్ వార్స్' దీనికి రివర్సు. అందులో ఒక్క పదం కుదరదు, కనీసం రెండుండాలి. 'ఫైనల్ ఫాంటసీ ఫోర్టీన్' అయితే ఇంటిపేరు కూడా అడుగుతుంది. పేరుకి గరిష్ఠంగా 15, ఇంటిపేరుకి 15, రెండూ కలిపి 20 అక్షరాలు మించకూడదు. పాస్‌పోర్టు దరఖాస్తు నింపుతూ ఇంటిపేరు ముందా వెనకా అని తికమకపడ్డ తెలుగువాళ్లకి ఈ బాధ కొత్తేం కాదు.

మంచి పేరు దక్కాలంటే పోటీ కూడా తక్కువేం కాదు. ఒక సర్వర్‌లో ఒక పేరు ఒక్కరికే. అందుకే 2019లో 'వార్‌క్రాఫ్ట్ క్లాసిక్' రాబోతున్నప్పుడు ఆట మొదలవడానికి రెండు వారాల ముందే పేర్లు రిజర్వు చేసుకునే అవకాశమిచ్చారు. ఒక్కొక్కరికి మూడు పాత్రల వరకూ. పండక్కి రైలు టికెట్ల కోసం కాచుక్కూర్చున్నట్టు జనం ఎగబడ్డారు.

ఎవరి దారి వారిది

సరే, ఇంతకీ పేర్లు ఎక్కణ్నుంచి తెస్తారు?

మొదటి దారి పుస్తకాలు, సినిమాలు. టోల్కీన్ కథల్లోని లెగోలాస్, ఆర్.ఎ.సాల్వతోర్ 1988లో సృష్టించిన డ్రిజ్ట్ అనే చీకటి ఎల్ఫ్... ఈ ఇద్దరికీ ఆటల్లో ఉన్నంతమంది కవలలు ఇంకెవరికీ ఉండరేమో. అసలు పేరు దొరక్కపోతే ఒక 'జెడ్' ఎక్కువ చేర్చేవాళ్లూ, అక్షరం నెత్తిన ఫ్రెంచివాళ్ల గీత ఒకటి పెట్టేవాళ్లూ కోకొల్లలు. ఇందులో తప్పేముంది? టోల్కీన్ కూడా గాండాల్ఫ్ అనే పేరుని పాత నార్స్ కావ్యంలోని మరుగుజ్జుల జాబితా నుంచే తీసుకున్నారు మరి.

రెండో దారి శబ్దం. ఎల్ఫ్‌కి ల, ర, య లాంటి జారే అక్షరాలు, ఆర్క్ అనే మోటు జాతికి క, గ, ట, డ లాంటి గట్టి అక్షరాలు... ఎవరూ నేర్పకపోయినా ఆటగాళ్లు ఈ పద్ధతే పాటిస్తారు. టోల్కీన్ తన ఎల్ఫ్ భాషల్ని ఫిన్నిష్, వెల్ష్ భాషల సొగసు చూసి అల్లడం ఇందుకో కారణం. మన చెవి కూడా మరో కారణం. ఒక మొనదేలిన బొమ్మ, ఒక గుండ్రటి బొమ్మ చూపించి 'వీటిలో కికి ఏది, బూబా ఏది?' అని అడిగితే దాదాపు అందరూ మొనదేలినదే కికి అంటారు. రామచంద్రన్, హబ్బర్డ్ అనే శాస్త్రవేత్తలు 2001లో ఈ సంగతి రాశారు. అమెరికా విద్యార్థులే కాదు, తమిళం మాట్లాడేవాళ్లూ అదే జవాబిచ్చారట. ఘటోత్కచుడు, శశిరేఖ... ఈ రెండు పేర్లూ పైకి పలికి చూడండి. ఎవరు భారీకాయుడో బొమ్మ చూడకుండానే తెలిసిపోదూ!

మూడో దారి హాస్యం. సీరియస్‌గా ఆడే చోట నవ్వు పుట్టించే పేరు పెట్టుకుని తిరగడం కొందరికి సరదా. పాత్రలో జీవించాలనుకునేవారికి మాత్రం ఇది పంటికింద రాయి. పౌరాణిక నాటకంలో కృష్ణుడు చేతి గడియారంతో వచ్చినట్టుంటుందని వాళ్ల బాధ. అందుకే వార్‌క్రాఫ్ట్ మొదలైన కాలంలో ఇలాంటివారి కోసం కేటాయించిన సర్వర్లలో పేర్లకి మరింత కఠినమైన నియమాలు పెట్టారు.

ఇక నాలుగోది, ఏ దారీ తోచనివాళ్లది. పేర్లు పుట్టించే ప్రోగ్రాముల్లో బటన్ నొక్కుతూ పోవడం. నచ్చినదాంట్లో రెండక్షరాలు తీసేసి, సొంతంగా ఒకటి కలిపి... ఇదిగో ఎక్కడా లేని పేరు!

అన్నట్టు, మగవాళ్లు స్త్రీ పాత్రను ఎంచుకోవడమూ చాలా మామూలే. ఆడవాళ్లు మగ పాత్రలు ఎంచుకోవడంకన్నా ఇదే ఎక్కువని ఆటగాళ్ల మీద ఏళ్లతరబడి సర్వేలు చేసిన నిక్ యీ అనే పరిశోధకుడు తేల్చారు. అర్జునుడి వారసులన్నమాట!

పేరు పోయినా... పేరొచ్చినా!

పేరు కుదిరితే ఆటతో సంబంధం లేనివాళ్లకీ తెలిసిపోతుంది. 2005లో విడుదలైన ఓ వార్‌క్రాఫ్ట్ వీడియోలో బృందమంతా జాగ్రత్తగా పథకం వేస్తుంటుంది. అంతలో ఒకడు తన పేరు తానే 'లీరాయ్ జెంకిన్స్' అని గావుకేక పెట్టి శత్రువుల మీదికి ఒంటరిగా దూకేస్తాడు. అందరూ హతం! అది ముందే అనుకుని తీసిన వీడియో అని తర్వాత తెలిసింది. అయినా ఆ పేరుకొచ్చిన కీర్తి తగ్గలేదు. ఆ ఆట తయారీదార్లే 'జెంకిన్స్' అనే బిరుదుని ఆటలో పెట్టారు.

'అల్టిమా' ఆటల సృష్టికర్త రిచర్డ్ గారియట్ పాత్ర పేరు 'లార్డ్ బ్రిటిష్'. అందరూ 'హాయ్' అంటుంటే ఆయన 'హలో' అన్నారట. దాంతో కంప్యూటర్ శిక్షణ శిబిరంలో తోటివాళ్లు తగిలించిన ముద్దుపేరది. 1997లో 'అల్టిమా ఆన్‌లైన్' ప్రయోగ దశలో ఉండగా ఆ లార్డ్ బ్రిటిష్ మహారాజుగా సభ తీర్చాడు. రాజుకి చావులేకుండా చేసే ఏర్పాటు ఆ సమయానికి లేకుండా పోయింది. 'రెయింజ్' అనే ఆటగాడు మంటల మంత్రం ప్రయోగించాడు. రాజు అక్కడికక్కడే కూలిపోయాడు. ఆ ఒక్క దెబ్బతో రెయింజ్ అనే పేరు ఆటల చరిత్రలోకెక్కింది.

అసలు పేరు అడిగితే...

ఈ మారుపేర్లన్నీ పిల్లచేష్టలని కొట్టిపారేయడానికి లేదు. 2010 జులైలో వార్‌క్రాఫ్ట్ తయారుచేసిన బ్లిజార్డ్ సంస్థ ఓ ప్రకటన చేసింది. తమ చర్చావేదికల్లో రాసేవాళ్లందరూ ఇకనుంచి అసలు పేర్లతోనే కనిపించాలన్నది. నోటి దురుసు తగ్గుతుందని వాళ్ల ఆశ. ఆటగాళ్లు భగ్గుమన్నారు. అసలు పేరు బయటపెడితే ఏమీకాదని చూపించడానికి సంస్థ ఉద్యోగి ఒకరు తన పేరు రాశారు. కాసేపట్లోనే ఆయన వ్యక్తిగత వివరాల్ని జనం తవ్వితీశారు. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆటలో ఓడిపోయిన అక్కసుతో ఎవరో ఇంటి చిరునామా వెతుక్కుంటూ వస్తే? మూడు రోజులు తిరక్కుండానే సంస్థ వెనక్కి తగ్గింది. మారుపేరు ముసుగే కాదు, గడియ కూడా అని ఆ మూడు రోజుల్లో తేలింది.

మరి మీరూ పేరు పెట్టుకోబోతున్నారా? అయితే ఇవి గుర్తుంచుకోండి.

* పైకి పలికి చూడండి. యుద్ధం మధ్యలో మిత్రుడు 'కాపాడు' అని అరిచేది ఆ పేరుతోనే. రెండు మూడు మాత్రల్లో అయిపోవాలి.
* అసలు పేరు, పుట్టిన సంవత్సరం, కాలేజీ పేరు కలపొద్దు.
* ఈ నెల ఊపులో ఉన్న జోకు వచ్చే ఏడాదికి పాతబడుతుంది. పేరు మాత్రం అలాగే ఉంటుంది.
* వేరే భాషలో దానికి బూతర్థమేమైనా ఉందేమో ఓసారి వెతకండి.

ఐబెలిన్ ఎవరు?

చివరగా ఓ పేరు గురించి చెప్పుకోవాలి. నార్వేకి చెందిన మాట్స్ స్టీన్‌కి పుట్టుకతోనే కండరాలు క్షీణించే జబ్బు. చిన్నప్పుడే చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. వయసు పెరిగేకొద్దీ వేళ్లు తప్ప ఒళ్లు కదలని స్థితి. గంటలకొద్దీ వార్‌క్రాఫ్ట్ ఆడేవాడు. మిగతా పిల్లల్లా తమ బిడ్డకి స్నేహితుల్లేరే, ఎవరికీ ఉపయోగపడకుండానే వెళ్లిపోతాడే అని తల్లిదండ్రులు కుమిలిపోయేవారు. 2014లో 25 ఏళ్ల వయసులో మాట్స్ కన్నుమూశాడు.

కొడుకు ఇంటర్నెట్‌లో రాసుకునే పేజీలో తండ్రి ఆ వార్త పెట్టాడు. అంతే... ఉత్తరాలు మొదలయ్యాయి. ఒకటి, రెండు కాదు. యూరప్ నలుమూలల నుంచి. 'కష్టాల్లో ఉన్నప్పుడు నాకు ధైర్యం చెప్పాడు', 'అమ్మతో మాట్లాడమని నచ్చజెప్పాడు'... ఇలా. వాళ్లెవరికీ చక్రాల కుర్చీలోని మాట్స్ ఏళ్లతరబడి తెలియదు. వాళ్లకి తెలిసింది 'ఐబెలిన్ రెడ్‌మూర్'. బలమైన భుజాలు, దారిలో కనిపించిన ప్రతివారినీ పలకరించే అలవాటు ఉన్న ఓ వీరుడు. 'స్టార్‌లైట్' అనే వాళ్ల గిల్డ్ మిత్రులు కొందరు అంత్యక్రియలకు వేరే దేశాల నుంచి ఓస్లో వచ్చారు. తమ బిడ్డ ఒంటరి కాదని ఆ తల్లిదండ్రులకు అప్పుడు తెలిసింది.

ఈ కథని నార్వే దర్శకుడు బెంజమిన్ రీ డాక్యుమెంటరీగా తీశారు. 2024లో అది ప్రపంచమంతా చూసింది. అదే ఏడాది ఆట తయారీదార్లు మాట్స్ జ్ఞాపకార్థం ఓ చిన్న నక్కపిల్లను ఆటలో ప్రవేశపెట్టి, అమ్మగా వచ్చిన సొమ్ముని అదే జబ్బు మీద పోరాడే సంస్థకి ఇచ్చారు.

అమ్మానాన్నలు పెట్టిన పేరు మాట్స్. తనకు తాను పెట్టుకున్న పేరు ఐబెలిన్. అంత్యక్రియల రోజున ఓస్లోలో ఆ రెండు పేర్ల తరఫువాళ్లూ పక్కపక్కనే కూర్చున్నారు.

ఈసారి మీ అబ్బాయో అమ్మాయో కంప్యూటర్ ముందు గంటసేపు పేరు కోసం తలపట్టుక్కూర్చుంటే విసుక్కోకండి. పక్కనే ఓ కుర్చీ లాక్కుని కూర్చుని, 'ఏం పేరు పెడుతున్నావురా?' అని అడిగి చూడండి!