ముగ్గు చుక్కల్లో గణితం



లెక్కలంటే మనలో చాలామందికి గుండె దడ. నాకూ అంతే. పదో తరగతిలో సూత్రాలు బట్టీపట్టి ఎలాగో గట్టెక్కి, ఆ పుస్తకం అటక మీద పడేశాను. పాల లెక్క, చాకలి పద్దు, చీటీ వాయిదా - ఇవి తెలిస్తే సంసారానికి చాలుననుకున్నాను. గణితమంటే ఇంతేనా? కాదని నాకు మా అమ్మాయి వల్ల తెలిసింది.

మా భోగాపురంలో నెలగంట పెట్టింది మొదలు సంక్రాంతి దాకా వాకిళ్ళ నిండా ముగ్గులే. పోయిన ఏడు ఒకనాటి తెల్లవారుజామున సందు చుక్క ముగ్గుకి చుక్కలు పెడుతున్నాను. మధ్య వరుసలో 7. వాటి సందుల్లో పైన 6, క్రింద 6. తరువాత 5, 4... అలా రెండు వైపులా ఒక్క చుక్క మిగిలేదాకా. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ప్రక్కన కూర్చుని అన్నీ లెక్కపెట్టింది.

"అమ్మా, 49 వచ్చాయి. ఏడేడులు నలభైతొమ్మిదే కదా! నిన్నటి 5 చుక్కల ముగ్గులో 25 వచ్చాయి. ఎందుకమ్మా అలా?"

"లెక్క సరిపోయిందిగా, ఎందుకో నీకెందుకే? ఆ ముగ్గు గిన్నె ఇలా అందుకో" అని కసిరాను. పిల్ల చిన్నబుచ్చుకుని లోపలికి పోయింది.

తరువాత నాకే మనసు పీకింది. గీతలు కలపకుండా ఆగి, ఆ చుక్కల్ని ఐమూలగా చూశాను. పై కొస చుక్క నుంచి కుడి కొస చుక్క దాకా ఏటవాలుగా లెక్కపెడితే 7. దాని ప్రక్క వరుసలోనూ 7. అలాంటి వరుసలు సరిగ్గా 7! అంటే నేను పెట్టింది మూల మీద నిలబెట్టిన చదరమన్నమాట. ఏడు వరుసలు, వరుసకి ఏడు. 49 కాక మరేమవుతుంది?

అసలు కిటుకు ఇక్కడుంది చూడండి. చుక్కలు లెక్కపెడితే ఆ ఒక్క ముగ్గుకే జవాబు దొరుకుతుంది. నూరు చుక్కల ముగ్గు వెయ్యాలంటే మా వాకిలి చాలదు. కాని కారణం తెలిశాక వెయ్యనే అక్కరలేదు. నూరు వరుసలు, వరుసకి నూరు, మొత్తం 10,000. ఒకటి నుంచి నూరు దాకా ఎక్కి, మళ్ళీ ఒకటి దాకా దిగుతూ కూడితే ఎవరికైనా, ఎప్పుడైనా అంతే. "ఇలా ఎందుకయింది? ఎప్పుడూ ఇలాగే అవుతుందా?" అని అడిగి, అనుమానం మిగలకుండా కారణం చూపడాన్ని నిరూపణ అంటారు. గణితానికి ప్రాణం అదే. కూడికలూ గుణకారాలూ ఈ రోజుల్లో చేతిలో ఫోనైనా చేసిపెడుతుంది.

కల్యంపూడి రాధాకృష్ణారావుగారి పేరు వినే ఉంటారు. 1920లో పుట్టిన ఈ తెలుగువారు మన విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కాలేజీలోనూ, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ చదువుకున్నారు. 1944లో కలకత్తాలో ఆయన పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, "నమూనాలు చాలా ఉన్నప్పుడు నిజమయ్యే ఈ సూత్రం, కొద్ది నమూనాలున్నప్పుడూ నిజమేనా?" అనే అర్థం వచ్చేటట్టు అడిగాడు. ఆయన నాలాగా కసరలేదు. ఆ రాత్రి కూర్చుని ఆలోచించి, మరునాటికి నిరూపణ తెచ్చారు. చేతనున్న సమాచారంతో వేసే అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో, దానికి హద్దు ఎక్కడో చెప్పే ఫలితమది. 1945లో అచ్చయింది. క్రామర్-రావు అసమానత అని ప్రపంచమంతా నేటికీ చదువుకుంటోంది. 2023లో, 102 ఏళ్ళ వయస్సులో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. ఆ ఏడాదే కన్నుమూశారు.

చిన్నతనంలో తల్లి లక్ష్మీకాంతమ్మగారు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనెదీపం వెలిగించి చదువుకి కూర్చోబెట్టేవారని ఆయన ఒక పుస్తకం అంకితంలో చెప్పుకున్నారు. మనకిప్పుడు కరెంటు దీపాలున్నాయి. పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు "ఎందుకు?" అన్నప్పుడు నోరు మూయించకుంటే అదే పదివేలు. మనకి జవాబు తెలియకపోతే తప్పేమీ లేదు. "రా, ఇద్దరం చూద్దాం" అంటే సరి.

ఆ పూట అమ్మాయిని పిలిచి ఏటవాలు వరుసలు చూపించాను. అది చప్పట్లు కొట్టి, వెంటనే మరో ప్రశ్న వేసింది. "మరి సరి చుక్క ముగ్గులో 7, 5, 3, 1 పెడితే 49 రావు, 25 వస్తాయి. ఎందుకమ్మా?"

ఈసారి కసరలేదు. ఇద్దరం మళ్ళీ ఐమూలగా నిలబడ్డాం. ఒక చదరం కాదు, ఒకదానిలో ఒకటి కలిసిపోయి రెండు చదరాలు కనిపించాయి. ఎన్నేసి చుక్కలవో చెప్పను. రేపు మీ వాకిట్లో మీరే చూడండి.

(ఆకాశవాణి, విశాఖపట్నం సౌజన్యంతో)