చాకిరీ వేరు, వ్యాయామం వేరు

"పొద్దుగాల లేచిన కాడికెంచి పని జేస్తనే ఉంటం, ఇంక ఎక్సర్‌సైజులు ఎందుకు?" ఆలేరు చుట్టుపక్కల ఆడవాళ్ల దగ్గర వ్యాయామం మాటెత్తితే వచ్చే జవాబు ఇది. బరువు తగ్గడం గురించి చెలామణిలో ఉన్న అపోహలన్నింటిలో దీని నష్టమే ఎక్కువ. ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది.

మిగతా సగం ఏమిటో అదే మండలంలోని శారాజీపేట చెబుతుంది. చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోసేవారు. పోచంపల్లి పట్టుచీరకు రంగులు అద్దేముందు జరిగే పని అది. ఒక కొసన ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. కూర్చున్న చోటు కదలకుండా, అదే చేత్తో పోగును అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు, నాలుగైదు గంటలు. అంత కదలిక వ్యాయామమే అయితే ఆమె భుజం గట్టిపడాలి. కానీ మిగిలింది నొప్పి. ఆ బాధ చూడలేకే మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

చాకిరీలో అరిగిన కీలే మళ్లీ అరుగుతుంది, తేరుకునే వ్యవధి ఉండదు. వ్యాయామంలో గుండె వేగం పెరుగుతుంది, కండరం మీద భారం కొద్దికొద్దిగా పెరుగుతుంది, మధ్యలో విశ్రాంతి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి. అంటే మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత ఆయాసం. దానికితోడు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు ఉండాలి. చురుగ్గా చేసిన ఇంటిపని మొదటి లెక్కలోకి కొంత వస్తుంది. రెండో లెక్క మాత్రం ఎప్పుడూ బాకీయే.

ఆ రెండో లెక్క దగ్గరే ఇంకో భయం అడ్డొస్తుంది: బరువులెత్తితే మగవాళ్లలా తయారవుతామని. కండలు ఉబ్బడానికి తోడ్పడే టెస్టోస్టిరాన్ స్త్రీలలో పురుషులకంటే ఎన్నో రెట్లు తక్కువ. శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. ఆ స్థాయి ఏళ్ల సాధనతో వచ్చింది. లీటరు నీళ్ల సీసాలు రెండు పట్టుకుని చేతులు పైకెత్తడంతోనో, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడంతోనో మొదలుపెట్టే గృహిణికి వచ్చేది బిందె ఎత్తే బలం, మెట్లెక్కే ధైర్యం. హైదరాబాద్‌లో స్థిరపడ్డ కిరణ్ డెంబ్లా ఇద్దరు పిల్లల తల్లయ్యాక, ముప్పై దాటాక జిమ్‌లో అడుగుపెట్టారు. 24 కిలోలు తగ్గి, 2013లో బుడాపెస్ట్ ప్రపంచ బాడీబిల్డింగ్ పోటీలదాకా వెళ్లారు. అందరూ అంత దూరం వెళ్లనక్కర్లేదు. వయసు మించిపోయిందన్న మాటకు మాత్రం ఆమె సమాధానం.

"ఆపరేషనైనంక ఒళ్లు వస్తది" అన్న మాటా ఊరూరా వినిపిస్తుంది. పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్‌లో మూసేది అండం ప్రయాణించే గొట్టాలనే. అండాశయాలు, హార్మోన్లు యథాతథంగా ఉంటాయి. ఆ తర్వాత "బరువులెత్తకు, ఒంగకు" అని ఏళ్లతరబడి కదలనివ్వకపోవడం వల్లే ఒళ్లు పెరుగుతుంది. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే సంగతి వేరు. అప్పుడు ఎముకలు త్వరగా గుల్లబారతాయి కాబట్టి, డాక్టరును అడిగి చేసే బలం కసరత్తు మరింత అవసరం.

ఇక అన్నం. రాత్రి అన్నం మానేసి చపాతీలు తినడం పెద్ద త్యాగంలా చెబుతారు. బియ్యం, గోధుమపిండి సమాన తూకంలో ఇచ్చే శక్తిలో పెద్ద తేడా లేదు. చపాతీ మీద నూనె పడితే లెక్క తిరగబడుతుంది కూడా. పస్తులుండటం ఇంకా ప్రమాదం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ మహిళల్లో 30.1 శాతం అధిక బరువుతో ఉన్నారు, 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒళ్లు ఉన్నా రక్తం లేనివాళ్లూ వీళ్లలో ఉంటారు. వాళ్లకు కావాల్సింది అన్నం కాస్త తగ్గిన కంచంలో ఎక్కువ పప్పు, గుడ్డు, ఆకుకూర.

బరువు కాటా ముల్లు కదలకపోతే శ్రమంతా దండగ అనుకుని మానేసేవాళ్లకు చెన్నై అనుభవం తెలియాలి. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో మధుమేహం అంచున ఉన్నవాళ్లకు నడక, ఆహార నియమాలు అలవాటు చేశారు. పాల్గొన్నవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. బరువు పెద్దగా తగ్గలేదు, అయినా మధుమేహం ముప్పు 28.5 శాతం తగ్గింది. అందుకే కాటాతోపాటు టైలర్ టేపు కూడా దగ్గర పెట్టుకోవాలి. భారతీయ స్త్రీకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటిందంటే, కాటా ఏం చూపినా, నడక మొదలుపెట్టాల్సిందే.