ఊరు మనదే, జాబితాలో పేరుందా?

మదురైలో విశ్వనాథ నాయకుడి పాలన 1529లో మొదలైంది. నాయకరాజుల కాలంలో దక్షిణానికి సాగిన తెలుగు కుటుంబాలు పాలెగాళ్లుగా, రైతులుగా, నేతగాళ్లుగా, తోలుపని చేసేవారిగా మదురై సీమలోనూ కోయంబత్తూరు చుట్టూ ఉన్న కొంగునాడులోనూ స్థిరపడ్డాయి. ఇంట్లో మాట తెలుగు, చదువూ రాతా తమిళం. అయిదు వందల ఏళ్ల ఆ నివాసం గర్వించదగ్గదే. కానీ కుళాయి ముందు ఏ వీధికి రావాలో, శ్మశానానికి దారి ఎటునుంచి పోవాలో తేల్చేచోట ఎవరూ వంశచరిత్ర అడగరు. అక్కడ లెక్కకొచ్చేది ఓటరు జాబితా. కోయంబత్తూరు, మదురై తెలుగువారికి ఇవాళ అన్నిటికంటే విలువైన పత్రం అదేననీ, దాని బలం అసెంబ్లీ ఎన్నికల్లో కన్నా వార్డు ఎన్నికల్లోనే ఎక్కువనీ నా వాదన.

2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 42 లక్షల పైచిలుకు, అంటే రాష్ట్ర జనాభాలో ఆరు శాతానికి కాస్త తక్కువ. లక్షల ఓట్లున్న నియోజకవర్గాల్లో చెల్లాచెదురైతే ఆ సంఖ్య ఎక్కడా కనబడదు. వార్డులో అలా కాదు. కోయంబత్తూరు నగరపాలక సంస్థలో అదే లెక్కల ప్రకారం దాదాపు 16 లక్షల మంది, వార్డులు 100. సగటున వార్డుకు పదహారు వేల మంది, పిల్లల్ని తీసేస్తే ఓటర్లు ఇంకా తక్కువ. అలాంటిచోట నాలుగు వీధుల్లోని నేతపని దేవాంగులో, ఒక కాలనీలోని తెలుగు దళితులైన అరుంధతీయులో కలిసికట్టుగా ఓటేస్తే అభ్యర్థి ఆ వీధులు తొక్కక తప్పదు. 2022 ఫిబ్రవరి 19న జరిగిన పట్టణ ఎన్నికలు చూడండి. పట్టణ పంచాయతీల్లో 74 శాతానికి పైగా, మున్సిపాలిటీల్లో 68 శాతం ఓటేస్తే, నగరపాలక సంస్థల్లో 52 శాతమే వేశారు. ఊరు పెద్దదయ్యేకొద్దీ తన ఓటుకు విలువ లేదనిపిస్తుంది కాబోలు. నిజానికి సగంమంది ఇంట్లో కూర్చున్న వార్డులో, వెళ్లి వేసిన ఓటు బరువు రెట్టింపవుతుంది.

జాబితాలో పేరు ఓటు వేసే రోజుకు మాత్రమే పనికొస్తుందనుకోవడం పొరపాటు. రాజ్యాంగం ప్రకారం గ్రామసభ అంటే ఆ గ్రామ ఓటర్ల జాబితాలో ఉన్నవారంతా. తమిళనాడులో ఏటా ఆరుసార్లు జరగవలసిన ఆ సభలో సభ్యత్వం ఇచ్చేది ఈ నమోదే. 21 ఏళ్లు నిండినవారు పోటీ చేయాలన్నా అక్కడి జాబితాలో పేరుండాలి. స్థానిక సంస్థల స్థానాల్లో సగం మహిళలకు కేటాయించిన రాష్ట్రంలో, పెళ్లయి వచ్చిన కోడలి పేరు పుట్టింటి జాబితాలోనే మిగిలిపోతే ఆ అవకాశం ఆ ఇంటికి రానట్టే.

ఈ నమోదు అందరికంటే ఎక్కువ అవసరం అరుంధతీయులకు. కోయంబత్తూరు, మదురై రెండూ 1866లో మున్సిపాలిటీలయ్యాయి. కానీ వలస పాలనలో ఓటు ఆస్తినీ పన్నునూ బట్టి వచ్చేది. భూములూ వ్యాపారాలూ ఉన్న తెలుగువారికి ఆ తలుపు తెరుచుకుంది. అదే ఊరి వీధులు ఊడ్చిన తెలుగువారికి మూసే ఉంది. వయోజన ఓటుహక్కు వచ్చాకే అది తెరుచుకుంది. 2009లో ఎస్సీ కోటాలో అరుంధతీయులకు వచ్చిన 3 శాతం అంతర్గత రిజర్వేషన్ చదువులకూ ఉద్యోగాలకూ సంబంధించినది. కౌన్సిల్ స్థానాలకు అలాంటి వాటా లేదు. పారిశుద్ధ్య కార్మికుడికి నగరపాలక సంస్థ ఒకపక్క పని చూపే యజమాని, ఇంకోపక్క తన ఇంటికి నీరివ్వవలసిన పాలక సంస్థ. దానిమీద అతనికున్న పట్టు ఓటే. చెరువుగట్ల నుంచి, కాలువల పక్క నుంచి ఖాళీ చేయించిన కోయంబత్తూరు పేద కుటుంబాలకు కీరనత్తం, మలుమిచ్చంపట్టి వంటి చోట్ల ఇళ్లిచ్చారు. అక్కడికి మారినవారు ఓటు మార్పించుకోకపోతే, పాత వార్డుకు వాళ్లు లేరు, కొత్త ఊరికి వాళ్లు తెలియదు.

జాబితా ఎంత సులువుగా చేజారుతుందో 2025లో తేలింది. ఓటరు జాబితాల ప్రత్యేక సమగ్ర సవరణలో భాగంగా డిసెంబరు 19న వచ్చిన ముసాయిదాలో రాష్ట్రవ్యాప్తంగా 97 లక్షలకు పైగా పేర్లు లేవు. వాటిలో ఎక్కువ భాగం చిరునామా మారినవారివే. చనిపోయినవారి పేర్లు, రెండేసి చోట్ల ఉన్నవి తొలగించాల్సిందే. ఆ పనిని తప్పుపట్టను. కానీ అద్దె ఇళ్లు మారే కూలీకి ఫారం 6 కొత్త నమోదుకనీ, ఫారం 8 చిరునామా మార్పుకూ తప్పులు దిద్దుకోవడానికీ అనీ చెప్పేవారు ఉండాలి. తెలుగు పేర్లకు మరో చిక్కుంది. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. గోపాల్ ఇంగ్లిష్‌లోకి మారేసరికి కోపాల్ కావచ్చు. తండ్రి పేరు పాత జాబితాతో సరిచూసే రోజుల్లో ఇది చిన్న తప్పు కాదు.

భాష పేరుతో ఓటు అడిగితే తమిళుల్లో అనుమానాలు రేగవా అని కొందరి భయం. నేను అడుగుతున్నది తెలుగు కూటమి కాదు. మిల్లు యజమానికీ కాలువ తీసే కార్మికుడికీ భాష ఒకటైనంత మాత్రాన కోరికలు ఒకటి కావు. ఎవరి పార్టీ వారిది. ఎవరికి వేసినా పేరుండాలి, వేయాలి. ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది: మేయర్‌ను మనం నేరుగా ఎన్నుకోం, ఎన్నికలే సమయానికి జరగవు, ఇక వార్డు ఓటుకు విలువేమిటి? నిజమే, 2016 అక్టోబరులో పదవీకాలం ముగిశాక పట్టణాలు 2022 దాకా ప్రత్యేక అధికారుల కింద నడిచాయి. కోయంబత్తూరు, మదురై జిల్లాల గ్రామ పంచాయతీల గడువు 2025 జనవరి 5న ముగిస్తే అవీ అధికారుల చేతికే వెళ్లాయి. ఇది ఓటు విలువ తగ్గించే ఉదాహరణ కాదు. కౌన్సిలర్ లేని ఆ ఏళ్లలో మురుగు పొంగితే అడగడానికి ఓటడిగిన మనిషంటూ వీధిలో లేడు. అధికారికి బదిలీ ఉంటుంది గాని ఓటమి ఉండదు. గడువులోగా ఎన్నిక జరపాలని రాజ్యాంగం చెప్పినా, అది జరిగేలా పట్టుబట్టగలిగింది ఓటర్లే. స్థానిక ఎన్నికల వార్డు జాబితాను అసెంబ్లీ జాబితా నుంచే తయారు చేస్తారు కనుక, ఎన్నికల తేదీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఏడాదిలో నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తారీఖులు.