ఒకే టికెట్టు, రెండు బొమ్మలు

మెల్‌బోర్న్ ఇళ్లలో ఫ్రిజ్ తలుపు మీద తరచూ ఒక క్యాలెండరు కనిపిస్తుంది. అందులో తిథులూ వర్జ్యాలూ ఉండవు, ఏ రోజు ఏ సినిమానో ఉంటుంది. చాపెల్ స్ట్రీట్, డాండెనాంగ్ రోడ్డు కలిసే మూలనున్న ఆస్టర్ థియేటర్ ముందుగానే అచ్చేసి ఇచ్చే క్యాలెండరది. శని, ఆదివారాలు ఏం చేయాలన్నది చాలామంది దాన్ని చూశాకే తేల్చుకుంటారు.

ఆస్టర్ 1936లో మొదలైంది. తెర ఒక్కటే. నేలా బాల్కనీ కలిపి వెయ్యిమందికి పైగా పడతారు. 1960ల చివర నుంచి కొన్నేళ్లు అక్కడ గ్రీకు సినిమాలు ఆడాయి. వలస వచ్చినవాళ్లకు సొంత భాష వినిపించే హాలంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? ఇవాళ అదే ఊళ్లో తెలుగు ప్రీమియర్ పడిందంటే టార్నీట్, పాయింట్ కుక్ లాంటి శివార్ల నుంచి కార్లు బారులు తీరతాయి. 1980ల తొలినాళ్లలో జార్జ్ ఫ్లోరెన్స్ ఆస్టర్‌ను పాత సినిమాల హాలుగా మార్చారు. 2015 ఏప్రిల్‌లో మూతపడితే ఊరు తల్లడిల్లింది. జూన్‌కల్లా పాలస్ సంస్థ మళ్లీ తెరిచింది.

అక్కడ పేరుపడ్డది జంట ఆట. ఒకే టికెట్టు మీద రెండు సినిమాలు, మధ్యలో విరామం. ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ వేయాలన్నదే అసలు విద్య. హిచ్‌కాక్ ‘రియర్ విండో’లో కాలు విరిగిన ఫొటోగ్రాఫరు కిటికీలోంచి ఎదురింటి నేరాన్ని పసిగడతాడు. ఆంటోనియోని ‘బ్లో అప్’లో ఇంకో ఫొటోగ్రాఫరు తను తీసిన ఫొటోనే పెద్దది చేసుకుంటూ పోయి, అందులో హత్య జరిగిందనుకుంటాడు. ఒకే రాత్రి చూస్తే మొదటిదాని ధీమాను రెండోది కదిలించేస్తుంది. పైగా రెండూ రెండు గంటల లోపువే. ఆఖరి ట్రాము అందాలి కదా!

‘2001: ఎ స్పేస్ ఒడిసీ’ని 70 ఎంఎం రీళ్ల మీద వేసే హాలు కూడా ఇదే. తెలుగులో తొలి 70 ఎంఎం సినిమా, 1986 నాటి కృష్ణ ‘సింహాసనం’ కూడా అంత తెర మీద కనిపించాలని నాకు ఆశ.

పాత సినిమాను మళ్లీ హాల్లో చూపే ఈ పనే ఒకప్పుడు మన పట్నాల్లో ఉదయం ఆటలు చేశాయి. తక్కువ డబ్బుతో, అమ్మానాన్నల కాలపు సినిమా పిల్లలకు హాల్లోనే దొరికేది. 2022 ఆగస్టులో ‘పోకిరి’ తిరిగి విడుదలైనప్పటి నుంచి పాత సినిమాలు మళ్లీ హాళ్లకు వస్తున్నాయి. సంతోషమే. కానీ వాటికి ముహూర్తం పెట్టేది ఎక్కువగా హీరో పుట్టినరోజు. సినిమా పక్కన సినిమాను పెట్టి చూపేవాళ్లు మనకు కావాలి.

నాకొక ఆదివారం అప్పగిస్తే అసిత్ సేన్ బెంగాలీ ‘దీప్ జ్వేలే జాయ్’ (1959) పక్కన, దాన్నే తెలుగు చేసిన ‘చివరకు మిగిలేది’ (1960) వేస్తాను. మతి చెదిరిన మనుషులను ప్రేమ నటించి బాగుచేసే నర్సు, చివరికి తానే ఆ గదికి చేరే కథ. ముందు సుచిత్రా సేన్. విరామంలో టీ. తర్వాత సావిత్రి. కథ ఎటు పోతుందో అప్పటికి హాలంతటికీ తెలుసు, ఇక చూడాల్సింది ఆమె ముఖమే.